పాకలో పుట్టి, హాల్లో అద్దెకున్న నాటకం

గోదావరి డెల్టాలో ఏ పాత హాలు పెచ్చులూడి, దాని చోట షాపింగ్ కాంప్లెక్సు కడదామన్న మాట వచ్చినా, ఊరు రెండుగా చీలుతుంది. "కళల కోసం కట్టిన మందిరం, ముట్టుకోవద్దు" అని ఒక వర్గం. "ఇప్పుడెవరాడుతున్నారండీ నాటకాలు, కరెంటు బిల్లుక్కూడా రావట్లేదు" అని రెండో వర్గం. రెండో మాట మొరటుగా ఉన్నా లెక్క చూసి చెప్పిన మాటే. మొదటి మాటే కాస్త సరిచూసుకోవాలి. బ్రిటిష్ వాళ్ల కాలంలో కట్టిన టౌను హాళ్లు అసలు నాటకాల కోసం కట్టినవి కావు. అవి సభల కోసం లేచాయి. నాటకం అందులోకి అద్దెకొచ్చింది.

తెలుగు నాటకం మొదలైంది హాల్లో కాదు, పాకలో. అదీ వేరేవాళ్లు వదిలేసి వెళ్లిన పాకలో. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం ఒకటి రాజమండ్రిలో పాక వేసుకుని ఆటలాడి వెళ్లిపోయింది. అప్పుడు అదే ఊళ్లో తెలుగు పండితుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం, ఆ ఖాళీ పాకలోనే 1880లో తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని ఆడించారు. ప్లీడర్ల టక్కుటమారాల మీద రాసిన వ్యంగ్యం అది. తెలుగులో రంగం ఎక్కిన మొదటి నాటకంగా దాన్నే చెబుతారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం అందుకే. ఆ రోజు దండలు వేసే వాళ్లలో ఎంతమందికి ఆ పాక సంగతి గుర్తొస్తుందో మరి!

ఎక్కడో ధార్వాడలో ఉన్న సమాజం గోదావరి దాకా ఎందుకొచ్చింది? ఇక్కడ డబ్బుంది కాబట్టి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ కాలవలు నీళ్లు పారించడమే కాదు, పడవలూ నడిపాయి. పంట చేతికొచ్చాక రైతు దగ్గర నాలుగు రూపాయలు, కోర్టుల చుట్టూ ప్లీడర్లు, కాలేజీలో కుర్రాళ్లు, రేవుల్లో వర్తకులు. టిక్కెట్టు కొనే జనం ఇక్కడ అలా తయారయ్యారు. తెరలూ, పెట్టెలూ పడవలో వేసుకుంటే ఒక ఊరి రేవు నుంచి ఇంకో ఊరి రేవుకి సమాజం మొత్తం చేరిపోవచ్చు. 1900లో గోదావరి మీద రైలు వంతెన మొదలయ్యాక మద్రాసు దాకా దారి తెరుచుకుంది. నాటకాల సీజను కూడా పొలమే చెప్పేది. సార్వా, అంటే వానాకాలం వరి, నూర్పిళ్లు అయ్యి ధాన్యం అమ్ముడుపోతే ఆటలు మొదలు, వానలు పడితే పాక పీకుడు. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో ఇప్పటికీ సంక్రాంతి రోజుల్లోనే స్టేజీ లేస్తుందంటే ఆ పాత లెక్కే.

ఇక హాలు సంగతి. వీరేశలింగం 1890లో రాజమండ్రిలో తన డబ్బుతో టౌను హాలు కట్టించారు. పురమందిరం అనేవారు. అప్పటికాయన ఊళ్లో సగంమందికి శత్రువు. 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించినవాడు కదా. తన మాట తాను చెప్పుకోడానికి ఒక కప్పు కావాలి, అది ఎవరో దయతలిచి ఇచ్చిన సత్రమో, గుడి మండపమో అయితే రేపు తలుపు మూసేస్తారు. ఆయన హాలు కట్టడం వెనక ఈ ఆలోచన ఉండే ఉంటుందని నా నమ్మకం. అటువంటి హాళ్లు ఉపన్యాసం కోసం పుట్టాయి. ఒక మూల ఎత్తయిన వేదిక, ఎదురుగా బారుగా బెంచీలు, గాలికి పెద్ద కిటికీలు. నాటకానికి కావలసిన పక్క గదులు, లోతైన స్టేజీ, తెరలు పైకి లాగే ఎత్తు అందులో ఉండవు.

ఇంకొకటి కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. అదే వీరేశలింగం, పెళ్లిళ్లలో భోగం మేళాలు, అంటే కళావంతుల ఆడవాళ్ల ఆటపాటలు, పెట్టించొద్దని గట్టిగా పోరాడారు. పెద్దాపురం, మురమండ, మండపేట లాంటి చోట్ల కళావంతుల ఇళ్లలో తరతరాలుగా నిలిచిన సంగీతం, అభినయం ఆ పోరాటంతో కచేరీ గడప బైటికి వెళ్లాయి. పద్ధతి మీద ఆయన కోపానికి కారణాలున్నాయి. కానీ ఆ విద్యకు కొత్త హాల్లో చోటు దొరకలేదు. స్టేజీ మీద ఆడవేషం మగవాడికి పోయింది. తరతరాలుగా నాటకమే వృత్తి అయిన సురభి కుటుంబాలే నయం, వాళ్ల సమాజాల్లో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు వేసేవారు. కళావంతుల సంగతికి వస్తే, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం తెచ్చేనాటికి, బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి లాంటి కొద్ది చోట్లే ఆ నాట్యం మిగిలింది.

మగవాళ్లు ఆడవేషం వేయడం ఆ రోజుల్లో చిన్నతనం కాదు. ఒంగోలు నుంచి ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమండ్రి వస్తూ, తన దగ్గర చదువుకుంటున్న కుర్రాడొకణ్ని వెంట తెచ్చుకున్నారు. ఆ కుర్రాడు నాటకాల్లో ఆడవేషాలు కూడా వేశాడు. పేరు టంగుటూరి ప్రకాశం. తర్వాత అదే రాజమండ్రికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. చూపు సరిగ్గా ఆనని చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం రాసింది కూడా ఈ రాజమండ్రి వాతావరణంలోనే. ఆ నాటకం పుస్తకంగా కూడా విపరీతంగా అమ్ముడుపోయింది. పుస్తకం కొన్నవాడు ఊరికే చదివి పక్కన పెట్టడు. పద్యాలు బట్టీ పట్టి, ఊళ్లో నలుగుర్ని పోగేసి, తనే ఆడతాడు. డెల్టా పల్లెల్లో సమాజాలు పుట్టింది అలాగే.

ఆ మధ్య మా వైపు ఒక పాత హాలు చూడ్డానికి వెళ్లాను. పేరెందుకులెండి, తాళం ఇంకా కమిటీ దగ్గరే ఉంది. "ఉండండి, లైటేస్తాను" అంటూ వాచ్‌మన్ వేదిక వెనక్కి తీసుకెళ్లాడు. పైన దూలానికి చెక్క కప్పీలు రెండు, తాడు ఒరుసుకుని గాడి పడ్డవి. గోడవార చుట్ట చుట్టిన తెరలు మూడు. ఒకటి విప్పి చూపించాడు. దర్బారు తెర. స్తంభాలు, సింహాసనం, నీలం రంగు మీద చెమ్మ మరకలు. మిగతావి అడివి తెర, వీధి తెర. ఏ నాటకమైనా ఈ మూడింటి ముందే నడిచిపోయేది. నేను వేదిక మీద నిలబడి మామూలు గొంతుతో ఒక పద్యం ఎత్తుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ "బానే వినపడతందండి" అన్నాడు. మైకు లేని రోజుల్లో నటుడు గొంతునే నమ్ముకున్నాడు. నేల టిక్కెట్టు వాడికి కూడా వినపడాలి కాబట్టి పద్యం చివర రాగం సాగేది, అది నచ్చితే వన్స్ మోర్, మళ్లీ రాగం. పద్యనాటకం సగం కచేరీ అయిపోయిందని విమర్శించేవాళ్లు ఇలాంటి వేదిక మీద ఒకసారి నిలబడి చూడాలి.

కచేరీ అన్నాను కాబట్టి కాకినాడ. అక్కడి శ్రీ సరస్వతీ గానసభకు వందేళ్లు దాటాయి. సూర్యకళామందిరం దానిదే. ఊరికి సొంత సభ, సభకు సొంత కప్పు ఉండటం వల్లే అది నిలబడింది. అదే కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఉండేది. పేరు చూస్తే పేకాట క్లబ్బేమో అనుకుంటాం. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు అందరూ ఆ క్లబ్బు నాటకాల్లో తేలినవాళ్లే. చింతామణి రాసిన కాళ్లకూరి నారాయణరావు కూడా కాకినాడ మనిషే. ఆయన సంస్కరణ కోసం రాసిన నాటకంలో తర్వాతివాళ్లు సుబ్బిశెట్టి అనే వైశ్యుడి పాత్రకు వెకిలి మాటలు చేర్చుకుంటూ పోయారు. ఆర్యవైశ్యుల అభ్యంతరాల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో దాన్ని నిషేధించింది. నాటకాలను ఆపడానికి తెల్లవాళ్లు 1876లో తెచ్చిన చట్టం మన పార్లమెంటు రద్దు చేసి అప్పటికి నాలుగేళ్లు.

హాళ్లను నాటకం నుంచి లాక్కున్నది మాత్రం సినిమా. 1921లో బెజవాడలో మారుతి సినిమా హాలు తెరిచారు. 1932లో తెలుగు టాకీ వచ్చింది, అందులో వేషాలు వేసింది సురభి వాళ్లే. 1936కి రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ అని స్టూడియో వెలిసింది. హాలు ఓనరు వైపు నుంచి చూడండి. నాటకమైతే రాత్రికి ఒక ఆట, ముప్పైమంది మనుషులు, వాళ్లకి భోజనాలు, హీరో గొంతు పోతే టిక్కెట్టు డబ్బులు వాపసు. సినిమా అయితే ఒక పెట్టె, రోజుకి రెండు మూడు ఆటలు. 1939లో మద్రాసు ప్రభుత్వం వినోదపు పన్ను కూడా వేసింది. నాటకం మళ్లీ జాతర పందిట్లోకి, కాంట్రాక్టరు నటుల్ని పోగుచేసి ఆడించే కాంట్రాక్టు పద్ధతిలోకి వెళ్లింది. అంటే మొదలైన పాక దగ్గరికే.

సినిమాకి చాలని టౌను హాళ్లకి దిక్కు పెళ్లిళ్లే. నేను చూసిన హాలు గుమ్మం పక్కన అద్దెల బోర్డు ఉంది. పెళ్లి, రిసెప్షను, ఓణీల ఫంక్షను, మీటింగు. ఒక్కోదానికి ఒక్కో రేటు. నాటకానికి ఎంత అని అడిగాను. వాచ్‌మన్ బోర్డు అంతా వెతికి, కింది నుంచి రెండో లైను మీద వేలు పెట్టాడు. "ఇతరములు."