గురుడి వెంట పన్నెండేళ్లు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

దీవెనలు. సౌరకుటుంబం గురించి రాయమని మీరు అడిగారు. ఎనిమిది గ్రహాల పేర్లూ, వాటి వ్యాసాలూ, ఉపగ్రహాల సంఖ్యలూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఒక్క గురుడినే తీసుకొని, ఆకాశంలో ఆ గ్రహం నడక ఎలా ఉంటుందో, ఆ నడకను గమనించి మనుషులు ఏమేం తెలుసుకున్నారో చెబుతాను. గురుడినే ఎంచుకోవడానికి కారణం ఉంది. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయని మీ అందరికీ తెలుసు. ఆ పన్నెండేళ్ల లెక్క గురుడి నడక నుంచే వచ్చింది. పుష్కరస్నానం వల్ల కలిగే పుణ్యం గురించి మీ ఇంట్లో పెద్దలు చెబుతారు, లెక్క సంగతి నేను చెబుతాను.

పుస్తకంలో సౌరకుటుంబం బొమ్మను చూసేటప్పుడు రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. మొదటిది, ఆ బొమ్మలో దూరాలు కొలత ప్రకారం ఉండవు. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న 15 కోట్ల కిలోమీటర్లను ఒక అంగుళంగా గీస్తే, గురుణ్ణి అయిదు అంగుళాలు దాటిన చోట, శనిని తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర, నెప్ట్యూన్‌ను ముప్పై అంగుళాల దూరాన గీయవలసి ఉంటుంది. అంత పెద్ద కాగితం పుస్తకంలో ఉండదు కనుక అన్నిటినీ దగ్గర దగ్గరగా చేర్చి గీస్తారు. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఆ బొమ్మ సౌరకుటుంబానికి బయట, ఎక్కడో పైనుంచి చూస్తున్నట్లు గీసినది. మనం ఉన్నది అక్కడ కాదు. సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ పరిగెడుతున్న భూమి మీద నిలబడి, తమ తమ దారుల్లో పోతున్న మిగతా గ్రహాలను మనం చూస్తున్నాం. గ్రహాల నడక వేల ఏళ్లపాటు మనుషులను తికమక పెట్టడానికి అసలు కారణం ఇదే.

గురుడు సూర్యుడికి సగటున 77.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అంటే భూమి దూరానికి 5.2 రెట్ల దూరంలో ఉంటాడు. అంత దూరంలో సూర్యుడి ఆకర్షణ బలహీనంగా ఉంటుంది కాబట్టి అక్కడి గ్రహం నెమ్మదిగానే తిరుగుతుంది. గురుడి వేగం సెకనుకు 13 కిలోమీటర్లు మాత్రమే. దారి పొడవు ఎక్కువ, వేగం తక్కువ కావడం వల్ల ఒక చుట్టు పూర్తి కావడానికి 11.86 సంవత్సరాలు పడుతుంది. దూరానికీ కాలానికీ మధ్య ఒక కచ్చితమైన సంబంధం ఉందని యోహానెస్ కెప్లర్ 1619లో ప్రకటించాడు: భూమి దూరాన్ని ఒకటిగా, భూమి సంవత్సరాన్ని ఒకటిగా తీసుకుంటే, ఏ గ్రహానికైనా దూరం ఘనమూ కాలం వర్గమూ సమానమవుతాయి. నా మాట నమ్మవలసిన పని లేదు, మీరే లెక్క వేయండి. 5.2 ఘనం 140.6 వస్తుంది. 11.86 వర్గం కూడా దాదాపు అంతే వస్తుంది. అంగారకుడి దూరం 1.524, కాలం 1.881 సంవత్సరాలు, అది కూడా వేసి చూడండి. సౌరకుటుంబం గురించి మనిషికి తెలిసిన విషయాల్లో ఇంత తక్కువ మాటల్లో ఇంత ఎక్కువ చెప్పేది మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు పుష్కరాల సంగతికి వద్దాం. సూర్యుడూ చంద్రుడూ గ్రహాలూ ఆకాశంలో ఇంచుమించు ఒకే బాటలో నడుస్తాయి. ఆ బాటను మన పూర్వులు ముప్పై డిగ్రీల చొప్పున పన్నెండు రాశులుగా విభజించారు. గురుడు పన్నెండు రాశులనూ దాదాపు పన్నెండేళ్లలో చుట్టి వస్తాడు కాబట్టి ఒక్కో రాశిలో సుమారు ఒక ఏడాది ఉంటాడు. ఒక్కో రాశికి ఒక్కో నదిని కేటాయించారు: మేషానికి గంగ, సింహానికి గోదావరి, కన్యకు కృష్ణ, మకరానికి తుంగభద్ర. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, మరుసటి ఏడాది కన్యలోకి వెళ్లినప్పుడు కృష్ణకు పుష్కరాలు వస్తాయి. 2015లో గోదావరి పుష్కరాలు, 2016లో కృష్ణా పుష్కరాలు జరగడానికి కారణం అదే.

అయితే గురుడికి పట్టే కాలం 11.86 ఏళ్లు అన్నాను కదా. పన్నెండేళ్లకు అది సుమారు యాభై రోజులు తక్కువ. ఆ లోటు ఎక్కడో ఒక చోట బయటపడాలి. 2003లో గోదావరి పుష్కరాలు జులై 30న మొదలయ్యాయి. 2015లో జులై 14న మొదలయ్యాయి. 2027లో జూన్ 26న మొదలవుతాయని ప్రకటించారు. తేదీ ప్రతిసారీ ముందుకు జరుగుతోంది. జరిగింది యాభై రోజులు కాకుండా పదహారు, పద్ధెనిమిది రోజులే ఎందుకైంది? ఈ ప్రశ్న మీకు తోచి ఉంటే మీరు శ్రద్ధగా చదువుతున్నారన్న మాట. పన్నెండేళ్లు గడిచేసరికి గురుడు పూర్తి చుట్టు తిరిగి ఇంకో నాలుగు డిగ్రీలు ముందుకు వెళ్లి ఉంటాడు. సగటు వేగంతో ఆ నాలుగు డిగ్రీలు నడవడానికి యాభై రోజులు పడుతుంది. కానీ ఆ నెలల్లో గురుడు మనకు సూర్యుడి అవతలి వైపు ఉంటాడు, మన భూమి ఇవతలి వైపున ఎదురు దిశలో పోతూ ఉంటుంది. అందువల్ల మన కంటికి గురుడు మామూలు కంటే రెండున్నర రెట్ల వేగంతో, రోజుకు డిగ్రీలో అయిదో వంతుకు పైగా నడుస్తున్నట్లు కనిపిస్తాడు. ఆ వేగంతో నాలుగు డిగ్రీలకు మూడు వారాల లోపే సరిపోతుంది. పంచాంగంలోని ఒక చిన్న తేదీలో గురుడి వేగమూ భూమి వేగమూ రెండూ కలిసి ఉన్నాయి.

ఇలా జరుగుతూ పోతే చివరికి ఒక ఏడాది మొత్తం తేడా వచ్చేస్తుంది. గురుడు ఏడు చుట్లు తిరగడానికి 84 ఏళ్లు కాకుండా 83 ఏళ్లే పడుతుంది, కాబట్టి ఏడింటిలో ఒక విరామం పదకొండేళ్లకు కుదించుకుపోవాలి. దీనికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణే ఉంది. గురుడు కుంభరాశిలో ఉన్నప్పుడు జరిగే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022 వరకు ఆగకుండా 2021లోనే జరిగింది. అంతకు ముందు అలా పదకొండేళ్లకే జరిగింది 1938లో. 2021 నుంచి 1938ని తీసివేసి చూడండి.

ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైన విషయం చెబుతాను. 2027 పుష్కరాలకు ముందు గురుడు సింహరాశిలోకి ఒకసారి కాదు, రెండుసార్లు వస్తాడు. 2026 అక్టోబరు ఆఖరున సింహంలో అడుగుపెడతాడు. డిసెంబరు రెండో వారానికి నడక మందగించి, ఆగినట్లే ఆగి, వెనక్కి మళ్లుతాడు. జనవరి నెలాఖరుకు తిరిగి కర్కాటకంలోకి వెళ్లిపోతాడు. ఏప్రిల్ మధ్యలో మళ్లీ ముందుకు తిరిగి, జూన్ 26 నాటికి రెండోసారి సింహంలోకి వచ్చి, ఇక వెనుదిరగకుండా సాగిపోతాడు. పుష్కరాలకు లెక్కలోకి తీసుకున్నది ఈ రెండో ప్రవేశాన్ని. పంచాంగంలో ‘గురుడు వక్రించాడు’ అని మీరు విన్నది ఈ వెనకడుగు గురించే.

నిజానికి గురుడు ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. ఆర్యభటుడు 499లో భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని వివరిస్తూ, పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్లు కనిపిస్తాయని చెప్పాడు. ఆ పడవనే మనం ఇక్కడా తీసుకుందాం. మీ పడవ వేగంగా పోతూ, అదే దిశలో మెల్లగా పోతున్న ఇంకో పడవను దాటుతోందనుకోండి. దూరాన ఉన్న అవతలి గట్టు చెట్లతో పోల్చి చూస్తే, దాటుతున్నంతసేపూ ఆ రెండో పడవ వెనక్కి జరుగుతున్నట్లు ఉంటుంది. మీరు బాగా ముందుకు వెళ్లిపోయాక మళ్లీ ముందుకు కదులుతున్నట్లే తోస్తుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున పోతూ, 13 కిలోమీటర్ల చొప్పున పోయే గురుణ్ణి సుమారు పదమూడు నెలలకోసారి దాటుతుంది. దాటిన ప్రతిసారీ నాలుగు నెలలపాటు, పది డిగ్రీల మేర ఈ వెనకడుగు కనిపిస్తుంది. అంగారకుడూ శనీ కూడా ఇలాగే చేస్తాయి. అంగారకుడి వెనకడుగును సరిగ్గా లెక్కకు లొంగదీయబోయి కెప్లర్ ఏళ్ల తరబడి శ్రమపడి, గ్రహాల దారులు వృత్తాలు కావని, దీర్ఘవృత్తాలని 1609లో తేల్చాడు.

దీన్ని మీ కళ్లతో చూడవచ్చు, ఏ పరికరమూ అక్కరలేదు. 2026 డిసెంబరులో రాత్రి పది దాటాక తూర్పున చూస్తే, ఆ భాగంలో అన్నిటికన్నా ప్రకాశవంతంగా, మిణుకుమిణుకుమనకుండా లేత పసుపు రంగులో వెలిగేది గురుడు. దానికి కింద, చేయి చాచి పట్టుకుంటే రెండు వేళ్ల వెడల్పు దూరంలో ఉండే నక్షత్రం మఖ. వారానికి ఒకసారి ఆ రెండింటి మధ్య దూరాన్ని వేళ్లతో కొలిచి రాసుకోండి. ఫిబ్రవరి రెండో వారంలో భూమి సరిగ్గా గురుడికీ సూర్యుడికీ మధ్యకు వస్తుంది. అప్పుడు ఇటు పొద్దు గూకుతుండగా అటు గురుడు ఉదయిస్తాడు. ఏప్రిల్‌లో చీకటి పడి కాసేపయ్యేసరికి మన ప్రాంతంలో దాదాపు నడినెత్తిన ఉంటాడు, మఖ నుంచి పిడికిలి వెడల్పు కంటే దూరంగా జరిగి ఉంటాడు. జులై ఆఖరుకు తిరిగి వచ్చి మఖను దాటుతాడు. ఆగస్టులో సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోతాడు. దాదాపు నెల రోజులు సాగే ఆ మరుగునే మన వాళ్లు గురు మూఢం అంటారు. మూఢంలో పెళ్లిళ్లు చేయకపోవడం ఆచారం. ఆ రోజుల్లో గురుడు కనిపించకపోవడం మాత్రం ఎవరైనా చూసి తెలుసుకోగల విషయం. శుక్రుడికీ మూఢం ఉంది. శుక్రుడు, బుధుడు మనకంటే సూర్యుడికి దగ్గరగా తిరుగుతారు కాబట్టి సూర్యుణ్ణి వదిలి ఎక్కువ దూరం పోలేరు. శుక్రుడు తెల్లవారుజామున వేగుచుక్కగానో, సాయంత్రం పడమటనో తప్ప అర్ధరాత్రి కనిపించకపోవడం అందుకే.

గురుడు ఇతరులు లాగితే తిరిగేవాడే కాదు, ఇతరులను లాగేవాడు కూడా. భూమికి 318 రెట్ల ద్రవ్యరాశి ఉన్న ఈ గ్రహం సూర్యుణ్ణి సైతం కాస్త కదిలిస్తుంది. ఆ ఇద్దరూ ఏ బిందువు చుట్టూ తిరుగుతారో ఆ ఉమ్మడి కేంద్రం సూర్యుడి ఉపరితలానికి కొంచెం వెలుపల ఉంటుంది. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల్లో, గురుడి కాలంలో సరిగ్గా మూడో వంతులో చుట్టు పూర్తి చేసేవి దాదాపు లేనే లేవు. అలాంటి దారిలో పడ్డవాటిని గురుడి ఆకర్షణ పదే పదే ఒకే తీరుగా లాగి, అక్కడ నిలవనివ్వదు. తోకచుక్కల మీద కూడా ఈ ప్రభావం ఉంటుంది. 1531, 1607, 1682లలో కనిపించిన తోకచుక్కలు మూడూ ఒకటేనని, 1758 ప్రాంతంలో అది మళ్లీ వస్తుందని ఎడ్మండ్ హేలీ చెప్పి, 1742లో కన్నుమూశాడు. 1758లో ఫ్రాన్స్‌లో క్లేరో, లలాండ్, నికోల్ రెన్ లెపోట్ అనే ముగ్గురు నెలల తరబడి చేత్తో లెక్కలు వేసి, గురుడు లాగడం వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు అది ఆలస్యమవుతుందని, 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందని తేల్చారు. అది మార్చి 13న వచ్చింది. డెబ్బై అయిదేళ్లకు పైగా సాగిన ప్రయాణంలో వాళ్ల పొరపాటు ఒక నెల. ఆ తోకచుక్క మళ్లీ వచ్చేది 2061లో. అప్పటికి మీకు ఎన్నేళ్లుంటాయో లెక్క వేసుకోండి.

చివరగా గురుడి చందమామల గురించి. 1610 జనవరి 7న పదువా నగరంలో గెలీలియో తన దూరదర్శినిని గురుడి వైపు తిప్పినప్పుడు, పక్కనే ఒకే వరసలో మూడు చిన్న చుక్కలు కనిపించాయి. అవి నక్షత్రాలనుకున్నాడు. మరునాడు వాటి అమరిక మారిపోయింది. రోజూ బొమ్మ గీసుకుంటూ పోగా, జనవరి 13 నాటికి నాలుగు ఉన్నాయని, అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని తేలింది. భూమి చుట్టూ కాకుండా మరోదాని చుట్టూ తిరిగే వస్తువులు ఆకాశంలో ఉన్నాయనడానికి అది తిరుగులేని సాక్ష్యం. ఆ నాలుగే అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. వాటిలో గానిమీడ్ బుధగ్రహం కంటే పెద్దది.

అయో 42 గంటల 28 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతూ, ప్రతి చుట్టులోనూ గురుడి నీడలో పడి మాయమవుతుంది. గడియారమంత క్రమంగా జరగవలసిన ఆ గ్రహణాలు, భూమి గురుడికి దూరంగా పోతున్న నెలల్లో కొంచెం కొంచెంగా ఆలస్యమవుతున్నాయని, దగ్గరవుతున్న నెలల్లో ముందుగా వస్తున్నాయని పారిస్‌లో ఓలె రోమర్ గమనించాడు. తప్పు అయోది కాదని, వెలుగు మన దాకా రావడానికి సమయం తీసుకుంటోందని 1676లో వివరించాడు. భూకక్ష్య వెడల్పు 30 కోట్ల కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగుకు దాన్ని దాటడానికి వెయ్యి సెకన్లు, అంటే పదహారు నిమిషాలకు పైగా పడుతుంది. రోమర్‌కు ఆ సమయం 22 నిమిషాలని తోచింది. అంకె కొంత ఎక్కువైనా, వెలుగుకు వేగం ఉందని తొలిసారి పరిశీలనతో చూపించినవాడు అతడే.

మామూలు బైనాక్యులర్ ఉంటే ఈ చుక్కలను మీరూ చూడవచ్చు. చేతుల్లో పట్టుకుంటే అది వణికి ఏదీ కనిపించదు కాబట్టి, డాబా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూడండి. అయో, యూరోపా గురుడి కాంతికి బాగా దగ్గరగా ఉండి తరచూ చిక్కవు. గానిమీడ్, కాలిస్టో తేలిగ్గా దొరుకుతాయి. ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం వేసి, మధ్యలో గురుడికి ఒక సున్నా గీసి, ఇరుపక్కలా చుక్కలు కనిపించినట్లే పెట్టండి. గానిమీడ్‌కు చుట్టు తిరగడానికి ఏడు రోజులకు పైగా, కాలిస్టోకు పదిహేడు రోజులకు కాస్త తక్కువగా పడుతుంది. నెల రోజుల బొమ్మలు పోగయ్యాక, పేర్లు ఎక్కడా చూడకుండా వాటిలో కాలిస్టో ఏదో మీరే పోల్చుకొని, ఎలా పోల్చారో నాకు జవాబులో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య