సేమ్, ఐడెంటికల్: స్టాంపు కాగితం మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో అఫిడవిట్లు టైపు చేయడం, సర్టిఫికెట్లు అనువదించడం నా పని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లిష్. ఈ మూడింటి మధ్య పేరు నలిగిపోయినవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు.

అపోహ: సేమ్, ఐడెంటికల్ రెండూ ఒకటే, ఐడెంటికల్ అంటే కాస్త గట్టి ఇంగ్లిష్.

కొత్తలో నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. ఒక పెద్దావిడ పింఛను కాగితాలు తెచ్చింది. ఆవిడ పేరు వెంకట అని మొదలవుతుంది. ఆధార్‌లో 'వి' ఉంది, పాత కాగితంలో 'బి హెచ్'. ఒడియాలో మన 'వ'కు 'భ' రాయడం మామూలే. 1894లో ఈ ఊళ్లోనే పుట్టిన వి.వి. గిరి గారు కూడా ఒడియాలో భి.భి. గిరే! ఆ 'భ'ను ఎవరో ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దించేశారు. నేనేమో 'రెండు పేర్లూ ఐడెంటికల్' అని టైపు చేసి పంపాను. కౌంటర్లో ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "అక్షరాలే కలవడం లేదు, ఐడెంటికల్ ఎలా అవుతాయండీ?" అని తిప్పి పంపాడు. ఆయన అన్నదే నిజం.

"నేనొక్కదాన్నే గదా బాబూ, ఇద్దర్ని సేసేసినారేటి?" అంది ఆవిడ. నేను రాయాల్సింది అదే. పేర్లు రెండు, మనిషి ఒక్కతే. దానికి ఇంగ్లిష్‌లో 'వన్ అండ్ ద సేమ్ పర్సన్' అంటారు. ఐడెంటికల్ అనాలంటే మామూలుగా రెండుండాలి, పక్కన పెట్టి చూస్తే తేడా కనబడకూడదు. నిఘంటువులో దానికి 'సాక్షాత్తూ అదే' అన్న అర్థమూ లేకపోలేదు గానీ, అఫిడవిట్‌లో దాన్ని నమ్ముకోవద్దు.

దీనికి తిరగేసిన కేసులూ వస్తాయి. మనవాళ్లు తాత పేరు మనవడికి పెడతారు కదా. పట్టా తాతది, ఆధార్ మనవడిది. పేర్లు పొల్లు తేడా లేకుండా ఐడెంటికల్, మనుషులు మాత్రం సేమ్ కాదు. ఇక్కడ 'సేమ్ పర్సన్' అని రాస్తే అబద్ధపు ప్రమాణమే.

అపోహ: సేమ్ అంటే ఎప్పుడూ 'అదే'.

కాదు. అక్కాచెల్లెళ్లు పెళ్లికి 'సేమ్ శారీ' కట్టారంటే ఒకేలాంటి రెండు బరంపురం పట్టుచీరలు. అక్క పెళ్లికీ, రిసెప్షన్‌కీ 'సేమ్ శారీ' కట్టిందంటే ఒక్క చీరే. తెలుగులో 'అదే చీర', 'అలాంటి చీరే' అని తేల్చి చెప్పే వీలుంది. అందుకే అనువాదానికి ముందు తెలుగులో అడిగి తెలుసుకుంటాను.

అపోహ: ఐడెంటికల్ ట్విన్స్ అన్నిటా ఒకటే.

వేలిముద్రలు వేరు.

'వెరీ ఐడెంటికల్' అని కూడా రాస్తుంటారు. తేడా లేకపోవడంలో ఎక్కువ తక్కువలేమిటి? కొంచెం తేడా ఉంటే 'ఆల్మోస్ట్ ఐడెంటికల్' అనొచ్చు. ఇక 'సేమ్ టు సేమ్' మన ఇంగ్లిష్. నేనూ రోజూ అంటాను, స్టాంపు కాగితం మీద మాత్రం టైపు చేయను.