బాంబీని తీసేస్తే స్క్రూజ్ పాపం ఎవరి ఖాతాలో?

డొనాల్డ్ డక్ కథల్లోని ఒక చిన్న పాత్ర మీద మళ్లీ రగడ మొదలైంది. పేరు బాంబీ. మంత్రగాడు ఉసిగొల్పి పంపిన నడిచే శవం, నోరు తెరిచి ఒక్క మాటైనా మాట్లాడదు. తాను రాసి, గీసిన కథల్లో రెండింటిని ఇక పునర్ముద్రించకూడదని డిస్నీ సంస్థ నిర్ణయించిందని 2023 ఫిబ్రవరిలో అమెరికన్ బొమ్మల కథల రచయిత డాన్ రోసా స్వయంగా వెల్లడించారు. ఆ రెండింటిలోనూ ఉన్నది బాంబీయే. అప్పటినుంచి డొనాల్డ్ మేనమామ అంకుల్ స్క్రూజ్ జీవిత కథ ఎక్కడ సంపుటంగా వస్తోందన్నా అభిమానులు ముందు అడిగేది ఒకటే: బాంబీ కనిపించే పదకొండో అధ్యాయం ఉందా, లేదా?

డొనాల్డ్ పుట్టుక, నావికుడి చొక్కా, బొంగురు గొంతు అందరూ ఎరిగినవే కాబట్టి ఇక్కడ అక్కర్లేదు. ఈ గొడవకు విత్తు పడింది 1949లో.

మేనమామ స్క్రూజ్‌ను బొమ్మల కథల చిత్రకారుడు కార్ల్ బార్క్స్ సృష్టించి అప్పటికి రెండేళ్లే అయింది. 1947లో ఒక క్రిస్మస్ కథ కోసం పుట్టిన ఈ పిసినారి ముసలాయన స్వభావం ఇంకా కుదురుకోలేదు. అందుకే కాబోలు, 1949 నాటి కథలో బార్క్స్ ఆయన చేత ఘోరమైన పని చేయించారు. ఆఫ్రికాలో ఫూలా జూలా అనే మంత్రగాడి తెగను వాళ్ల నేల మీదినుంచి కిరాయి గూండాలతో తరిమేయిస్తాడు. ఆ పగ తీర్చుకోవడానికే బాంబీ బయలుదేరుతుంది. దశాబ్దాల తర్వాత ఈ బాతుల ఊరు డక్‌బర్గ్ చేరి, వయసులో ఉన్నప్పటి మేనమామ పోలికలున్న డొనాల్డ్‌ను చూసి అతడే స్క్రూజ్ అనుకుంటుంది.

బాంబీని, ఆ తెగవారిని గీసిన తీరు చూస్తే ఇప్పుడు ఇబ్బంది కలుగుతుంది. నల్లజాతివారిని వెక్కిరించే ఆనాటి అమెరికన్ బొమ్మల మూసలోనివే అవి. ఇందులో వాదించడానికేమీ లేదు. అయితే దోషం ఎవరిదో ఆ కథ దాచలేదన్నదీ నిజమే. నేల పోగొట్టుకున్నది తెగ, లాక్కున్నది స్క్రూజ్.

1952లో సొంత పత్రిక దక్కేసరికి స్క్రూజ్ మారిపోయాడు. తన సొమ్మంతా న్యాయంగా సంపాదించిందేనని గొప్పగా చెప్పుకునే పెద్దమనిషయ్యాడు. గ్లాడ్‌స్టోన్ గాండర్, బీగల్ బాయ్స్, గైరో గేర్‌లూస్ లాంటి పాత్రలు ఒకరి వెంట ఒకరు వచ్చి ఆ లోకం నిండింది. ఆఫ్రికా ఉదంతం మాత్రం గొంతులో ముల్లులా మిగిలిపోయింది.

దాన్ని చూసీ చూడనట్టు వదిలేయని మనిషి డాన్ రోసా. బార్క్స్ కథల్లో అక్కడక్కడా దొర్లిన మాటలన్నీ ఏరి, 1990ల తొలి సగంలో స్క్రూజ్ జీవితాన్ని పన్నెండు అధ్యాయాలుగా అల్లారు. ఇప్పుడు వేటు పడ్డ పదకొండో అధ్యాయమే ఆ అల్లికకు ముడి. ఊరిని నాశనం చేయించిన స్క్రూజ్ అంతటితో ఆగడు. మారువేషం వేసుకుని మళ్లీ వెళ్లి, మోసంతో ఆ భూమిని రాయించుకుంటాడు. పక్కనే ఉన్న తోబుట్టువులు మటిల్డా, హార్టెన్స్ అసహ్యించుకుని వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి లోకమంతా తిరిగి, అందరికంటే ధనవంతుడై 1930లో అతను ఇల్లు చేరతాడు. స్వాగతం చెప్పడానికి సిద్ధమైన కుటుంబాన్ని కసురుకుంటాడు. అప్పుడు చిట్టి డొనాల్డ్ వెనకనుంచి వచ్చి మేనమామను ఒక్క తన్ను తంతాడు. ఇక ఆ ఇంట్లో నవ్వు వినిపించదు.

డొనాల్డ్‌కూ స్క్రూజ్‌కూ మధ్య అన్నేళ్లు మాటల్లేకపోవడానికి, 1947 నాటి క్రిస్మస్‌కు ఆ ముసలాయన పెద్ద భవంతిలో ఒంటరిగా మిగలడానికి కారణం ఈ అధ్యాయమే చెబుతుంది. దాన్ని తీసేస్తే పన్నెండో అధ్యాయంలో కనిపించేది పుట్టుకతోనే ముభావి అయిన ముసలాయన. 1995లో బొమ్మల కథలకిచ్చే ఐస్నర్ పురస్కారం అందుకున్న రచన ఇది.

వైవిధ్యానికి, అందరినీ కలుపుకుపోవడానికి కట్టుబడి ఉన్నామని, ఆ విలువలకు సరిపోని కథలను పక్కన పెడుతున్నామని సంస్థ వాదన. సరే, ఒప్పుకుందాం. మరి 2017లో మొదలైన కొత్త ‘డక్‌టేల్స్’ టీవీ ధారావాహికలో బాంబీ పేరు ఉంచి రూపం మార్చారు. ముందుమాట జోడించడం, బొమ్మ మార్చడం, కథనే ఆపేయడం అనే మూడు దారుల్లో పుస్తకానికి మూడోదే ఎందుకు పట్టించారో రోసా పాఠకులకు ఇంతవరకు అంతుపట్టలేదు. స్క్రూజ్ నాణేల గుట్టలో ఈత కొట్టడం దూరదర్శన్‌లో చూసి పెరిగిన మన తరానికైతే అతనికి ఇలాంటి గతం ఉందన్న సంగతే కొత్త.

ఈ నిర్ణయంలో రోసాకు మాట లేకపోవడానికి కారణం మరింత పాతది. బార్క్స్ 1942లో డిస్నీ స్టూడియో వదిలి, కాలిఫోర్నియాలో కోళ్లు పెంచుకుందామనుకున్నారు. తర్వాత వెస్టర్న్ పబ్లిషింగ్ సంస్థకు పేజీకి ఇంత చొప్పున బొమ్మల కథలు గీశారు. పత్రికల మీద పేరు వాల్ట్ డిస్నీది. తమకు నచ్చిన ఆ ‘మంచి బాతుల చిత్రకారుడు’ ఎవరో పాఠకులు కూపీ లాగేసరికి 1960 వచ్చింది. పాత్రలు సంస్థవి, కూలి కళాకారుడిది. రాయల్టీ అన్న మాటే లేదు.

ఆ ఏర్పాటు రోసా కాలానికీ మారలేదు. మూల చిత్రాలు తిరిగి ఇవ్వబోమని డిస్నీ అన్నందుకు ఆయన 1989లో అమెరికాలో ఈ పని మానుకున్నారు. డెన్మార్క్ ప్రచురణ సంస్థ ఎగ్మాంట్‌కు గీసినప్పుడూ దక్కింది పేజీ లెక్కన కూలే. ఆ కథలు ఎన్ని దేశాల్లో, ఎన్నిసార్లు అచ్చయినా ఆయన వాటా సున్నా. కంటి జబ్బుతో పాటు ఈ పద్ధతి కూడా తనను కలం దింపేలా చేసిందని ఆయన తర్వాత బహిరంగంగా రాశారు.

పాత ప్రతులు ఇళ్లలో, గ్రంథాలయాల్లో ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లలేదు. కొత్త సంపుటాల్లో మాత్రం పది తర్వాత పన్నెండు చదవాలి. మధ్యలో కథను అతకడానికి వేరే అధ్యాయం కావాలంటే దాన్ని గీయగలిగినవారు రోసా ఒక్కరే. ఆయన చివరి బాతుల కథ వెలువడింది 2006లో.