ఏడు ముసుగులు బైబిల్లో లేవమ్మా!

స్పెయిన్ నృత్యాల మీద వర్క్‌షాప్ పెట్టినప్పుడల్లా దర్శకుడు కార్లోస్ సౌరా తీసిన నృత్య సినిమా ‘సలోమే’ (2002) చూపిస్తాను. ఆ సంగతి గ్రూపులో పెట్టిన సాయంత్రమే ఒకటో రెండో ఫోన్లు వస్తాయి. “టీచర్ గారూ, బైబిల్లో ఆ అమ్మాయి చేసిందే పాపం కదా, దాన్ని మా పిల్లలకు చూపించడమెందుకండీ?” అని. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల టెన్షన్ వాళ్లది. కోపమంతా, చదవకుండా చెప్పేవాళ్ల మీదే.

వాళ్లు చెప్పే కథ ఇది: సలోమే బాప్తిస్మమిచ్చే యోహానును మోహించింది, ఆయన కాదన్నాడు, పగబట్టి ఏడు ముసుగులు ఒక్కొక్కటే తీస్తూ హేరోదు రాజు ముందు ఆడి ఆయన తల అడిగింది.

బైబిల్లో మత్తయి సువార్త 14, మార్కు సువార్త 6 అధ్యాయాలు తీయండి. ఐదు నిమిషాల పని. ఆ పిల్లకు అక్కడ పేరే లేదు, హేరోదియ కుమార్తె అంతే. పేరు దొరికేది యూదు చరిత్రకారుడు జోసీఫస్ దగ్గర. ఆయన మళ్లీ నాట్యం ఊసే ఎత్తడు! సువార్తల్లో ప్రేమా లేదు, ముసుగులూ లేవు. ఎలా ఆడిందో ఒక్క ముక్క లేదు. పగ తల్లి హేరోదియది, హేరోదుతో తన పెళ్లి తప్పని యోహాను అన్నందుకు. అర్ధరాజ్యమైనా ఇస్తానని హేరోదు ఒట్టేస్తే, ఈ పిల్ల బయటికెళ్లి ఏమడగాలో తల్లినే అడిగింది. మార్కు ఈమెకు వాడిన గ్రీకు మాటే ముందు అధ్యాయంలో యేసు బతికించిన యాయీరు కూతురికీ వాడాడు. ఆ పాపకు పన్నెండేళ్లు. మనం ఏ వయ్యారిని ఊహించుకుంటున్నామో చూడండి.

‘ఏడు ముసుగుల నాట్యం’ అన్న పేరు ఆస్కార్ వైల్డ్ 1890ల్లో ఫ్రెంచిలో అచ్చువేసిన నాటకంలోది. అందులోనూ అది ఒక్క వాక్యం రంగసూచన. ఆ నాటకం మీదే 1905లో రిచర్డ్ స్ట్రాస్ కట్టిన ఒపేరాతో (పాడుతూ ఆడే నాటకం) అది ఊరూరా పాకింది. సౌరా సినిమా నడిచిందీ ఆ దారినే. యోహాను మీద మోహం, తిరస్కారం, పగ, అన్నీ ఉన్నాయి. సినిమాగా నాకు చాలా ఇష్టం, కానీ బైబిల్ వాక్యం అనుకుని చూడకండి.

మా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి రిజిస్టర్లో ‘సోనీ’ అని రాసేది. ఫీజు రసీదు రాస్తుంటే అసలు పేరు బయటపడింది, సలోమి. హాస్టల్లో ఎవరో “ఎవరి తల కావాలే?” అని ఏడిపించారట. నాయనమ్మ పెట్టిన పేరు! మార్కు 15, 16 చదవమన్నాను. సిలువను దూరం నుంచి చూస్తూ నిలబడ్డ స్త్రీలలో, ఆదివారం పొద్దున్నే సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లినవాళ్లలో ఒకామె పేరు సలోమే. సువార్తల్లో పేరుతో కనిపించే సలోమే ఆవిడే. ఆ పిల్ల ఫోన్లో అక్కడే తీసి చదువుకుని, “నాయనమ్మకు ఇది తెలిసే ఉంటుంది మేడమ్, నాకే చెప్పలేదు” అంది.

మిగతావి గబగబా. సినిమా మొదట్లో రిహార్సల్ నడిపించే దర్శకుడు సౌరా కాదు, పెరె అర్కియుయె అనే నటుడు. అది డాక్యుమెంటరీలా తీసిన కథ. అందులోదంతా ఫ్లమెంకో (కాళ్లతో లయ కొట్టే దక్షిణ స్పెయిన్ నృత్యం) అనుకోకండి. సలోమేగా ఆడిన ఐదా గోమెస్ స్పెయిన్ జాతీయ బాలేకు డైరెక్టర్‌గా చేసిన మనిషి, శాస్త్రీయ స్పానిష్ నృత్యం ఆవిడ ఒంట్లోనే ఉంది. చిడతల్లాంటి కాస్టనెట్స్ కూడా అసలు బొలేరా (పాత స్పానిష్ శాస్త్రీయ బాణీ), జానపద నృత్యాలవి.

ఇక కథక్ నుంచే ఫ్లమెంకో పుట్టిందనే వాట్సాప్ ముచ్చట. ఫ్లమెంకోతో ముడిపడ్డ రోమా జనం (జిప్సీలంటారే, వాళ్లు) పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లింది నిజం, వాళ్ల భాషే సాక్ష్యం. కానీ వాళ్లు వెళ్లి సుమారు వెయ్యేళ్లు. ఫ్లమెంకో రూపు కట్టింది ఆందలూసియాలో, 18, 19 శతాబ్దాల్లో. కాలు నేలకేసి కొట్టడమే చుట్టరికమైతే మన డప్పు డాన్సూ స్పెయిన్ వెళ్లిందనాలి! కథక్‌లో తిరిగి తిరిగి సమం మీద, ఒకటో మాత్ర దగ్గర పడతారు. ఫ్లమెంకోలో సొలెయా అనే బాణీలో పన్నెండు లెక్కపెడుతూ 3, 6, 8, 10, 12 మీద ఊనాలి. కూచిపూడి నేర్చిన నా కాళ్లకు అది ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారమంతా ఒకటి దగ్గరే దబ్బున కొట్టి తిట్లు తిన్నాను.

అన్నట్టు, ఆ సినిమాలో ముసుగుల నాట్యం చివర ఒంటి మీద బట్టలుండవు. అందుకే పద్దెనిమిది దాటినవాళ్లకే చూపిస్తాను. ఫోన్ చేసే తల్లులు ముందు అడగాల్సింది ఇదీ, ఎవరూ అడగరు.