చైనా పటం మీద ఒక వాలు గీత: బడి పాఠం వెనుక నూరేళ్ల చరిత్ర

2014 నవంబరులో బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో మానవ ఆవాసాల శాస్త్రం మీద ఒక ప్రదర్శన జరిగింది. దాన్ని చూడడానికి వెళ్లిన అప్పటి ప్రధాని లీ కెచియాంగ్ అక్కడి చైనా పటం మీద ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగే ఒక గీతను చూపించారు. దేశ జనాభాలో 94 శాతం ఈ గీతకు తూర్పునే ఉన్నారని, పడమటి ప్రాంతాల వారు కూడా సొంత ఊళ్లకు దగ్గరలోనే ఆధునిక జీవనాన్ని అందుకోవాలంటే దీన్ని ఎలా అధిగమించాలో పరిశోధకులు ఆలోచించాలని అన్నారు. ఆ గీతను ఛేదించడం సాధ్యమా, అసలు ఛేదించాల్సిన అవసరం ఉందా అన్న వాదం అప్పటి నుంచి తెగలేదు. ఈ చర్చను అర్థం చేసుకోవడానికి చైనాలో చదువుకున్న వారెవరికీ ప్రత్యేకమైన పరిచయం అక్కర్లేకపోయింది. ఆ గీతను వారు బడిలోనే చదువుకున్నారు.

అక్కడి ఎనిమిదో తరగతి భూగోళ పుస్తకంలో జనాభా పాఠానికి ఈ గీతే ఆధారం. ఉత్తరాన రష్యా సరిహద్దు నది ఒడ్డున ఉన్న హెయ్‌హ పట్టణం నుంచి, యునాన్ రాష్ట్రంలో మయన్మార్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న తెంగ్‌చోంగ్ వరకు అది సాగుతుంది. గీతకు తూర్పున దేశ విస్తీర్ణంలో 43 శాతం, జనాభాలో 94 శాతం ఉంటే, పడమట 57 శాతం నేల, 6 శాతం మనుషులు ఉన్నారు. ఈ అంకెలు అప్పజెప్పడం పాఠంలో సులువైన భాగం. ఎత్తుపల్లాల పటాన్నీ, వర్షపాత పటాన్నీ, పంటల పటాన్నీ, రైలు మార్గాల పటాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఆ తేడాకు కారణాలు రాయడంలోనే అసలు కష్టం ఉంది. భౌతిక భూగోళం, మానవ భూగోళం అనే రెండు భాగాలు ఒకే జవాబులో కలవాల్సిన చోటు అది. అయితే చైనా బడుల్లో ఆ రెండూ ఎల్లవేళలా కలిసి లేవు. కొన్ని దశాబ్దాల పాటు రెండో భాగాన్ని దాదాపుగా తొలగించారు కూడా.

ఆధునిక పద్ధతిలో భూగోళ బోధన అక్కడ 20వ శతాబ్దం మొదట్లోనే ఆరంభమైంది. ఝాంగ్ శియాంగ్‌వెన్ అనే ఉపాధ్యాయుడు 1901లో బడుల కోసం రాసిన భూగోళ పాఠ్యపుస్తకాలను చైనాలో ఈ రకం పుస్తకాల్లో మొదటివిగా చెబుతారు. 1904 నాటి కొత్త విద్యావిధానంలో భూగోళానికి చోటు దొరికింది. ఆ మరుసటి ఏడే శతాబ్దాల నాటి రాచ కొలువు పరీక్షలు రద్దయ్యాయి. 1909లో తియాన్‌జిన్‌లో దేశంలోని తొలి భూగోళ సంఘాన్ని స్థాపించినదీ ఆయనే. చిన్‌లింగ్ పర్వతాలను, హువై నదిని కలుపుతూ పడమర నుంచి తూర్పుకు గీసిన గీతను ఉత్తర, దక్షిణ చైనాల హద్దుగా 1908లో ఆయన ప్రతిపాదించారు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వర్షం పడే హద్దు, జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలుండే హద్దు దాదాపుగా ఆ గీత మీదుగానే వెళతాయి. దానికి దక్షిణాన వరి మడులు, ఉత్తరాన గోధుమ చేలు ఉంటాయి. నేటి విద్యార్థి దేశాన్ని ఉత్తరం, దక్షిణం, వాయవ్యం, చింగ్‌హై-టిబెట్ పీఠభూమి అని నాలుగు ప్రాంతాలుగా చదువుతాడు. వాటిలో మొదటి రెండింటి మధ్య హద్దు ఇదే.

పాఠ్యపుస్తకంలోని గీత మనుషుల ఊపిరితిత్తుల దాకా ఎలా వెళుతుందో ఈ హద్దు చూపించింది. 1950లలో ప్రభుత్వం చలికాలంలో ఇళ్లను వేడి చేసే సామూహిక తాపన వ్యవస్థను ప్రవేశపెట్టినప్పుడు చిన్‌లింగ్, హువైలకు ఉత్తరాన ఉన్న నగరాలకే దాన్ని పరిమితం చేసింది. బొగ్గు, పెట్టుబడి రెండూ తక్కువగా ఉన్న రోజుల్లో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పలేదు. ఉత్తరాన బాయిలర్లలో తక్కువ ధరకు దొరికే బొగ్గు దశాబ్దాల పాటు మండింది, దక్షిణాన ఇళ్లు చల్లగానే ఉండిపోయాయి. గీతకు ఇరువైపుల గాలినీ మరణాలనూ పోల్చి 2013లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తరాన ఆయుర్దాయం సుమారు 5.5 ఏళ్లు తక్కువగా ఉందని లెక్కగట్టగా, కొత్త సమాచారంతో 2017లో వచ్చిన మరో అధ్యయనం ఆ తేడాను సుమారు 3 ఏళ్లుగా తేల్చింది. వర్షం, మంచు ఆధారంగా గీసిన హద్దు పాలనా నిర్ణయంగా మారాక, అది ఇక ప్రకృతి ఒక్కదాని హద్దుగా మిగలలేదు. జనాభా గీత విషయంలోనూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జనాభా గీతను గీసిన హు హువాన్‌యోంగ్ 1901లో జియాంగ్‌సు రాష్ట్రంలో పుట్టారు. హార్వర్డ్‌లో వాతావరణ శాస్త్రం చదివి వచ్చిన ఝు కెజెన్ దగ్గర నాంజింగ్‌లో శిష్యరికం చేసి, తర్వాత పారిస్‌లో చదువుకున్నారు. మట్టి, నీరు, వాతావరణంతో పాటు మనుషుల నివాసాలను, జీవనోపాధులను కూడా భూగోళంలో భాగంగా చూసే ఫ్రెంచి పద్ధతి ఆయనకు అక్కడే అలవడింది. 1930లలో జనాభా అక్కడ రాజకీయ ప్రశ్నగా ఉండేది. తూర్పున జనం కిక్కిరిసి ఉన్నారు, పడమర ఖాళీగా ఉంది కనుక అటు తరలిస్తే సరిపోదా అని చాలామంది వాదించేవారు. ఆ వాదానికి ముందుగా మనుషులు ఎక్కడ ఎంతమంది ఉన్నారో తెలియాలి. అప్పటికి దేశంలో ఆధునిక జనగణన అంటూ జరగలేదు. మొదటిది 1953లో జరిగింది. అందువల్ల హు జిల్లాల వారీగా దొరికిన లెక్కలను ఏరి కూర్చి, 20,000 మందికి ఒక చుక్క చొప్పున పటం మీద పెట్టుకుంటూ పోయారు. కంప్యూటరు లేని రోజుల్లో, దేశమంతటికీ ఇరవై వేలకు పైగా చుక్కలు చేత్తో పెట్టడమంటే ఎంత పనో ఊహించుకోవచ్చు. చుక్కలన్నీ పడ్డాక పటంలో ఒక పక్క నల్లబడిపోయింది, మరో పక్క తెల్లగా ఉండిపోయింది. ఆ రెంటి మధ్య అయ్‌హుయ్ నుంచి తెంగ్‌చోంగ్ వరకు ఒక సరళరేఖ గీయవచ్చని ఆయన 1935లో భూగోళ సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో చూపించారు. ఆయన లెక్కలో ఆగ్నేయ భాగానికి 36 శాతం నేల, 96 శాతం జనం. వాయవ్య భాగానికి 64 శాతం నేల, 4 శాతం జనం. అప్పటి చైనా పటంలో బయటి మంగోలియా (నేటి మంగోలియా దేశం) కూడా ఉండేది కనుక ఆ విస్తీర్ణపు అంకెలను నేటి అంకెలతో నేరుగా పోల్చకూడదు. అయ్‌హుయ్ పేరు తర్వాత హెయ్‌హలో కలిసిపోవడంతో పుస్తకాల్లో గీత పేరు కూడా హెయ్‌హ-తెంగ్‌చోంగ్ గీతగా మారింది.

గీత అక్కడే ఎందుకు పడిందన్న ప్రశ్నకు బడిలో నేర్పే మొదటి జవాబు వర్షం. పసిఫిక్ నుంచి వచ్చే వేసవి ఋతుపవనం లోపలికి పోయే కొద్దీ తడి కోల్పోతుంది. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వర్షం పడే హద్దు చాలా దూరం ఈ గీతకు దగ్గరగానే సాగుతుంది. అంతకంటే తక్కువ వర్షం పడే చోట నీటిపారుదల లేకుండా సాగు నిలవదు, పశువుల మేతే మిగులుతుంది. నైరుతి కొసలో మాత్రం ఈ జవాబు చాలదు. సిచువాన్ పడమటి కొండల్లో వర్షం తక్కువేమీ కాదు. అక్కడ జనాన్ని ఆపింది ఎత్తు, చలి, నిలువు లోయలు. సగటున 4,000 మీటర్లకు పైబడిన పీఠభూమి మీద పంటకాలం చాలా చిన్నది. కాబట్టి ఒకే గీతను ఉత్తరాన కరువు, దక్షిణాన ఎత్తు అనే రెండు వేర్వేరు కారణాలు పట్టి నిలిపాయని చెప్పడం సబబు.

ప్రకృతి ఇచ్చే జవాబు అంతవరకే. గీత ఉత్తర కొస కథ వేరు. అప్పట్లో చైనాను ఏలిన చింగ్ వంశపు పాలకులు తమ పుట్టినిల్లయిన మంచూరియాలోకి (నేటి ఈశాన్య చైనా), దేశంలో అధిక సంఖ్యాకులైన హాన్ జాతి రైతుల రాకను చాలాకాలం నిషేధించారు; హద్దుగా విల్లో చెట్ల కంచె కూడా నాటించారు. 1858లో రష్యాతో అయ్‌హుయ్‌లోనే సంధి జరిగి, ఆముర్ నదికి ఉత్తరాన 6 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల చేజారిపోయింది. ఖాళీగా ఉన్న సరిహద్దును నిలుపుకోలేమని అప్పుడు పాలకులకు తెలిసివచ్చింది. 1860 తర్వాత నిషేధాన్ని దఫదఫాలుగా సడలించారు. షాన్‌డోంగ్, హెబెయ్ రాష్ట్రాల నుంచి కరువుకు, యుద్ధాలకు తాళలేని రైతులు కాలినడకన, పడవల్లో, తర్వాత రైళ్లలో తరలివచ్చారు. 1920ల చివర ఏటా దాదాపు పది లక్షల మంది వచ్చారని అంచనా. 1800 ప్రాంతంలో ఎవరైనా ఇలాంటి పటమే గీసి ఉంటే ఆ గీత అయ్‌హుయ్ దాకా వెళ్లేదే కాదు. హు చుక్కల్లో ఈశాన్యాన పడినవి చాలావరకు రెండు మూడు తరాల వలస ఫలితమే. పైగా ఆయన వ్యాసం వెలువడే నాటికి ఆ ప్రాంతమంతా జపాన్ చేతిలో ఉంది. అప్పటి రాజధాని నాంజింగ్‌లో కూర్చుని గీసిన ఆ గీతకు ఉత్తర కొస నాంజింగ్ ప్రభుత్వ అధీనంలోనే లేదు. ఈ గీత ప్రకృతి ఇచ్చిన తుది తీర్పని, దాన్నెవరూ మార్చలేరని చెప్పేవారు ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టేస్తుంటారు.

1949లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చాక సోవియట్ ప్రభావంతో భూగోళ శాస్త్రం రెండు ముక్కలైంది. భౌతిక భూగోళానికి, ఆర్థిక భూగోళానికి మాత్రమే గుర్తింపు మిగిలింది. మానవ భూగోళాన్ని బూర్జువా శాస్త్రమని పక్కకు నెట్టారు. బడుల్లోనూ భౌతిక భూగోళం ఒక పాఠం, గనులు, కర్మాగారాలు, పంటల జాబితాలతో నిండిన ఆర్థిక భూగోళం మరో పాఠం అయ్యాయి. జనాభా గురించి మాట్లాడడమే ప్రమాదకరమైంది. జనాభా పెరుగుదలను అదుపు చేయాలని 1957లో వాదించిన పెకింగ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మా యిన్‌చు 1960లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆయనకు జరిగింది తప్పని ప్రభుత్వం ఒప్పుకున్నది 1979లో. షాంఘైలో హు హువాన్‌యోంగ్ మొదలుపెట్టిన జనాభా భూగోళ పరిశోధన కూడా ఆ గాలికి నిలవలేదు. సాంస్కృతిక విప్లవం (1966-76) నాటికి చాలా బడుల్లో భూగోళం అనే పాఠమే లేకుండా పోయింది.

పునరుద్ధరణకు పిలుపు 1979 చివర గ్వాంగ్‌ఝౌలో మొదలైన భూగోళ సంఘం మహాసభలో వినిపించింది. హు శిష్యుడైన లీ శూదాన్ మానవ భూగోళాన్ని తిరిగి నిలబెట్టాలని అక్కడ వాదించారు. 1982లో ఉన్నత పాఠశాలల్లో భూగోళం మళ్లీ మొదలైంది, ఈసారి మనిషికీ నేలకూ ఉన్న సంబంధమే కేంద్రంగా. ఎనభయ్యో పడిలో ఉన్న హు 1982 జనగణన లెక్కలతో తన గీతను మళ్లీ సరిచూసుకునే అవకాశం కూడా ఆ దశకంలోనే దొరికింది. మంగోలియా తీసేసిన పటం మీద తూర్పున 42.9 శాతం నేల, 94.4 శాతం జనం తేలారు. యుద్ధం, విప్లవం, కరువు, బలవంతపు తరలింపులు అన్నీ జరిగిన దాదాపు అర్ధ శతాబ్దంలో నిష్పత్తి కదిలింది ఏ రెండు పాళ్లో.

పరీక్షల్లో మాత్రం భూగోళం చోటు స్థిరపడడానికి ఇంకా సమయం పట్టింది. 1990ల మధ్యలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష నుంచి దాన్ని తొలగించారు. ప్రవేశ పరీక్షలో లేని పాఠాన్ని ఎంతమంది పట్టించుకుంటారో ఎంసెట్ చూసిన తెలుగు వారికి వివరించనక్కర్లేదు. 1999 తర్వాత కొత్త విధానంలో అది దశలవారీగా తిరిగి వచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో విద్యార్థి భౌతిక శాస్త్రమో చరిత్రో ఒకటి, ఆపైన రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, రాజకీయ పాఠం, భూగోళం అనే నాలుగింటిలో రెండు ఎంచుకుంటాడు. అందువల్ల ఇంజినీరింగు వైపు వెళ్లే పిల్లలు కూడా భూగోళాన్ని తీసుకోగలుగుతున్నారు. మన ఇంటర్మీడియెట్ గ్రూపుల్లో ఎంపీసీ విద్యార్థికి ఆ వీలు లేదు. 2017 నాటి పాఠ్య ప్రమాణాలు మనిషికీ నేలకూ పొందిక, సమగ్ర ఆలోచన, ప్రాంతాల అవగాహన, క్షేత్ర పరిశీలన అనే నాలుగింటిని లక్ష్యాలుగా పెట్టాయి. కింది తరగతుల్లో ప్రపంచ దేశాలు వస్తాయి. ఏడో తరగతి పిల్లలు భారతదేశాన్ని ఋతుపవనాలు, తిండిగింజల స్వయంసమృద్ధి, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ద్వారా పరిచయం చేసుకుంటారు.

లీ కెచియాంగ్ ప్రశ్న ఈ నేపథ్యంలో వచ్చింది. పడమటి ప్రాంతాల అభివృద్ధి పథకం 2000లో మొదలైంది, 2006లో లాసాకు రైలు చేరింది, 2014లో శిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్చికి హైస్పీడ్ రైలు వెళ్లింది. అదే సమయంలో, 1998 యాంగ్‌చీ వరదల తర్వాత, ఏటవాలు పొలాలను సాగు మాని అడవిగా వదలమని అదే ప్రభుత్వం పడమటి రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చి మరీ చెప్పింది. ఒక చేత్తో జనాన్ని పిలుస్తూ మరో చేత్తో నేలను వదలమనడం వైరుధ్యంగా కనిపించినా, వ్యవసాయంతో కాక పట్టణాలతోనే పడమర నిలబడాలన్న ఉద్దేశం అందులో ఉంది. 2022లో ప్రకటించిన పథకం కింద నింగ్‌శియా, ఇన్నర్ మంగోలియా వంటి చోట్ల భారీ డేటా కేంద్రాలు వస్తున్నాయి; చల్లని గాలి, చౌక కరెంటు వాటికి కలిసివస్తాయి గానీ, అవి మనుషులకు ఇచ్చే ఉద్యోగాలు తక్కువే.

నిష్పత్తి కదలలేదంటే మనుషులు కదలలేదని కాదు. గీతకు పడమట, వాయవ్య కొసన ఉన్న శిన్‌జియాంగ్ జనాభా 1953లో 50 లక్షల లోపు, 2020లో 2.58 కోట్లు. తూర్పు కూడా పెరిగింది కనుక ఆ పెరుగుదల శాతాల్లో అంతగా కనిపించదు. 2020 జనగణన ప్రకారం దేశంలో 37.58 కోట్ల మంది సొంత ప్రాంతం వదిలి వేరేచోట ఉంటున్నారు. వారిలో అత్యధికులు తూర్పు భాగం లోపలే, పల్లెల నుంచి తీర నగరాలకు తరలిన వారు. ఒక్క గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రమే 12.6 కోట్లకు చేరింది. మరోపక్క ఈశాన్యపు మూడు రాష్ట్రాలు 2010, 2020ల మధ్య 1.1 కోట్ల మందిని కోల్పోయాయి. గీత మొదలయ్యే హెయ్‌లోంగ్‌జియాంగ్ 3.83 కోట్ల నుంచి 3.19 కోట్లకు పడిపోయింది. ఆ రాష్ట్రం వదిలిన వారు ఎక్కువగా గీతకు ఇదే వైపున, దక్షిణాన ఉన్న నగరాలకు చేరుతున్నారు కాబట్టి 94, 6 అనే అంకెలకు పెద్ద మార్పేమీ రావడం లేదు.