లైవ్ శాండ్: అపోహలు, వాస్తవాలు

లైవ్ శాండ్ అంటే ఉప్పునీటి అక్వేరియం అడుగున వేసే, బ్యాక్టీరియా, చిన్న చిన్న జీవులు బతికే ఇసుక.

అపోహ: ఇసుకను వారం వారం కలియబెడితేనే శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: ముందు ఎంత మందాన వేశారో చూడండి. 2-3 సెంటీమీటర్లే అయితే నీళ్లు మార్చినప్పుడల్లా కొంత భాగంలో సైఫన్ పెట్టి మురికి లాగేయొచ్చు. 10 సెంటీమీటర్లు దాటితే లోతున చెయ్యి పెట్టకండి. పై పొరలోని బ్యాక్టీరియా ఆక్సిజన్ సాయంతో అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని అడుగున మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తుంది. ఈ పొరలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, చెదరడానికి ఒక్క నిమిషం చాలు.

పాత ట్యాంకులో ఒక రాయిని జరపబోయి నేనే ఆ పొరలు కదిపేశాను. కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంది. కాసేపటికే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాయి. వెంటనే నీళ్లు మార్చి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, నీటిలోని మలినాలను పీల్చే కార్బన్ కొత్తది పెట్టాక తేరుకున్నాయి. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

అపోహ: గాజు పక్కన ఇసుకలో నల్ల మచ్చ కనిపిస్తే మొత్తం తీసి పారేయాలి.

వాస్తవం: అది ఎక్కువగా ఐరన్ సల్ఫైడ్. ఆక్సిజన్ లేని చోట ఏర్పడుతుంది. కదపనంతవరకు అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ (కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు) పైకి వచ్చేలోపే ఆక్సిజన్ తగిలి విషం పోగొట్టుకుంటుంది. తవ్వితేనే ముప్పు.

అపోహ: అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ఇసుక వేస్తే పీహెచ్, కాల్షియం వాటంతట అవే నిలబడతాయి.

వాస్తవం: పీహెచ్ 8.2 దగ్గర ఉన్న నీటిలో అది దాదాపు కరగదు. పగడాలు పెంచుతుంటే కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) పరీక్షించి మీరే కలపాలి.

సంచిలో వచ్చే లైవ్ శాండ్ వేస్తే సైక్లింగ్ (చేపల్ని వదిలే ముందు బ్యాక్టీరియా కుదురుకునేదాకా ట్యాంకును నడపడం) అక్కర్లేదన్నదీ నమ్మకండి. అందులో ఉండేది ప్రధానంగా బ్యాక్టీరియానే, పురుగులూ నత్తలూ ఉండవు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని వదలండి.

అపోహ: ఇసుకలో పురుగులు కనిపిస్తే ఏరి పారేయాలి.

వాస్తవం: దీపాలు ఆర్పాక టార్చి వేసి గాజు దగ్గర చూడండి. మిగిలిన మేత కోసం బ్రిసిల్ వార్మ్‌లు (ఒంటినిండా ముళ్లుండే పురుగులు) మెల్లగా బయటికొస్తాయి. నసారియస్ నత్త ఇసుకలో కూరుకుపోయి గొట్టం ఒక్కటే పైకి చాపి ఉంటుంది. మేత వాసన తగిలితే చటుక్కున లేస్తుంది. ఇసుకను బతికించేది ఇవే. వార్మ్‌లను వట్టి చేత్తో మాత్రం ముట్టుకోకండి, ముళ్లు దిగుతాయి.

శుభ్రం చేస్తుందని చాలామంది కొనే సాండ్ సిఫ్టింగ్ స్టార్ (ఇసుకను జల్లెడ పట్టే నక్షత్ర చేప) ఇసుకలోని ఇలాంటి చిన్న జీవులనే తింటుంది. చిన్న ట్యాంకులో అన్నింటినీ ఖాళీ చేసేసి, తర్వాత అదీ ఆకలితో చచ్చిపోతుంది. దాన్ని కొనకండి.