రాళ్ళు కదల్లేదు, లంక జరిగింది

అమలాపురం నుంచి ఒకాయన అడిగారు: మేనల్లుడికి ఫిట్స్‌కి ఆపరేషన్ చెయ్యాలన్నారట, మెదడులో ఎక్కడ తియ్యాలో కంప్యూటరే చూపిస్తుందట, అలాంటప్పుడు మధ్యలో మళ్ళీ స్కాన్ ఎందుకు, బిల్లు పెంచడానికా అని. బిల్లు సంగతి వదిలెయ్యండి గానీ ప్రశ్న మాత్రం భలేది.

(ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం మనవైపు ఇంకా పోలేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు తాళాలకొస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తండి.)

మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి మందులు పనిచెయ్యవు. వాళ్ళలో కొందరికి ఆపరేషన్ బాగా పనికొస్తుంది. 2001లో వెలువడిన కెనడా పరీక్షలో, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్ళు ఆపరేషన్‌కి కేటాయించినవాళ్ళలో 58 శాతం, మందులవాళ్ళలో 8 శాతం.

ఇక అసలు విషయం. మెదడులో చోటుని కంప్యూటర్ చూపించే ఈ పద్ధతిని పేపర్లు మెదడుకి జీపీఎస్ అంటాయి, కానీ ఉపగ్రహానికీ దీనికీ సంబంధం లేదు. ఇది గోదారి మధ్యలో ఉండే మన లంక భూముల సర్వే లాంటిది. ముందు తీసిన ఎంఆర్‌ఐ సర్వే పటం. తల మీద అంటించిన గుర్తులు సర్వే రాళ్ళు. పటంలో రాయి, నేల మీద రాయి ఒకటేనని కంప్యూటర్‌కి చూపించాలి. ఒకే గీత మీద లేని మూడు రాళ్ళు కలిస్తే చాలు, పటాన్ని ఎంత జరపాలో ఎంత తిప్పాలో లెక్క తేలిపోతుంది, ఆరే ఆరు తెలియని సంఖ్యలు. కాకపోతే రాళ్ళన్నీ ఒకే గట్టున ఉంటే అవతలి ఒడ్డున తప్పు పెరుగుతుంది, అందుకే గుర్తులు తల చుట్టూ పెడతారు. తలని బిగించిన చట్రానికీ, డాక్టరు చేతిలోని పనిముట్టుకీ మెరిసే చిన్న గోళీలుంటాయి, వాటిని పరారుణ కెమెరా చూస్తూ ఉంటుంది. బల్ల కదిలినా ఫరవాలేదు, చట్రమూ దాంతోపాటే కదులుతుంది కదా. మొత్తమ్మీద తేడా సుమారు రెండు మిల్లీమీటర్లు.

ఇంతవరకూ బాగానే ఉంది, తర్వాత గోదారి వస్తుంది! పుర్రె తెరిచి పొర కోయగానే మెదడు చుట్టూ ఉన్న నీరు కారిపోతుంది, మెదడు బరువుకి కిందికి జారుతుంది, కొంత తీశాక ఇంకా కుంగుతుంది. పైభాగం ఒక్కోసారి సెంటీమీటరు దాకా జరుగుతుంది. గట్టు మీద రాళ్ళు అక్కడే ఉన్నాయి, లంక మాత్రం ఒకవైపు కోసుకుపోయి ఇంకోవైపు మేటేసింది. రాళ్ళని ఎన్నిసార్లు సరిచూసినా అన్నీ కరెక్టే అంటుంది కంప్యూటర్, ఎందుకంటే అది చూసేది రాళ్ళనే! నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇదే. వరద తర్వాత పటం మళ్ళీ గియ్యాలి, ఆ మధ్యలో స్కాన్ అందుకే.

అన్నట్టు, కోత పెట్టకముందు ఫిట్ ఎక్కడ పుడుతోందో వెతకడానికి కొందరికి చిన్న రంధ్రాల్లోంచి సన్నటి ఎలక్ట్రోడ్లు దించుతారు. అప్పుడు నీరు పెద్దగా పోదు, కాబట్టి పాత పటమే చెల్లుతుంది. మీ మేనల్లుడి విషయంలో స్కాన్‌కి ఇంకో పని కూడా ఉంది: తియ్యాలనుకున్నది పూర్తిగా వచ్చిందా, ముక్క మిగిలిందా అన్నది పుర్రె మూసేలోపే తెలుస్తుంది.